డాక్టరుగారిని ‘నొటోరియస్’ అనవచ్చునా?

ఇంగ్లీషు మాటల అర్థాలను, వాడుకను గురించి మాకు వచ్చే ఉత్తరాలు సాధారణంగా ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటాయి. ఈ నెల మాత్రం ఆరు ఉత్తరాలు ఒకే మాట చుట్టూ తిరిగాయి. ఆ మాట ‘ఫేమస్’. అందుచేత మిగిలిన ప్రశ్నలను పై సంచికకు ఉంచి, ఈ ఆరింటికే సమాధానాలు ఇస్తున్నాను.

ప్రశ్న: మా కాలనీ సంఘం ఉచిత వైద్య శిబిరం పెట్టి, ప్రారంభించడానికి మా ఊళ్లో నలభై ఏళ్లుగా వైద్యం చేస్తున్న ఒక డాక్టరుగారిని పిలిచింది. ఆహ్వాన పత్రికను ఇంగ్లీషులో రాసే పని నా మీద పడింది. ‘పేరుమోసిన డాక్టరు’ అని రాయాలనుకుని నిఘంటువు చూస్తే ‘ఫేమస్’, ‘రినౌన్డ్’, ‘నొటోరియస్’ అని మూడు మాటలు కనిపించాయి. మొదటి రెండూ అందరూ వాడేవే కదా అని మూడోది వేయించాను. కార్డులు పంచిన మర్నాడు డాక్టరుగారి అమ్మాయి ఫోను చేసి, ‘అంకుల్, మా నాన్నగారు ఏం తప్పు చేశారు?’ అని అడిగింది. నిఘంటువులో ఉన్న మాటే కదా, పొరపాటు ఎక్కడ జరిగింది?
– ఒక విశ్రాంత ఉద్యోగి, తెనాలి

జవాబు: పొరపాటు మీ ఇంగ్లీషు కంటే ముందు మన తెలుగు మాటలోనే పొంచి ఉంది. ‘పేరుమోసిన’ అన్నది రెండు పక్షాలకూ పనిచేసే విశేషణం. పేరుమోసిన డాక్టరంటే గౌరవం కలుగుతుంది, పేరుమోసిన దొంగంటే భయం కలుగుతుంది. మాట అదే, దాని పక్కన నిలబడిన మనిషి మారాడంతే. మంచిచెడ్డలను నామవాచకమే తేల్చేస్తుంది కాబట్టి తెలుగులో మనకు ఇబ్బంది రాదు. ఇంగ్లీషులో ఆ తీర్పు విశేషణమే చెప్పేస్తుంది. ‘నొటోరియస్’ అనగానే చెడుకు పేరుపడ్డవాడని అర్థమైపోతుంది. ఆ తరువాత డాక్టరు అన్నా, లాయరు అన్నా చదివేవారికి మనసులో మెదిలేది పోలీసు స్టేషనే. నిఘంటువు మీకు అబద్ధం చెప్పలేదు. ‘పేరుమోసిన’కు ఉన్న రెండు ముఖాలనూ వరసగా చూపించింది కానీ, ఏ ముఖం ఎవరిదో చెప్పకుండా ఊరుకుంది.

విచిత్రమేమిటంటే పుట్టుకలో ‘నొటోరియస్’కు ఏ దోషమూ లేదు. లాటిన్‌లో ‘నోటుస్’ అంటే ‘తెలిసిన’ అని అర్థం. ఆ మాట, తెలుసుకోవడం అనే అర్థంలోని ఇంగ్లీషు ‘నో’, మన ‘జ్ఞానం’లో ఉన్న ‘జ్ఞా’ ధాతువు, మూడూ ఒకే మూలం నుంచి వచ్చాయి. ‘నోబుల్’ కూడా ఆ ఇంటి బిడ్డే. దానికీ మొదట ‘నలుగురికీ తెలిసినవాడు’ అనే అర్థం. ఒకే తల్లి పిల్లల్లో ఒకడు జమీందారయ్యాడు, ఒకడు జైలుకు వెళ్లాడు. రెండోవాడు చెడింది సావాసం వల్ల. 1549 నాటి ఇంగ్లండు చర్చి ప్రార్థన గ్రంథంలో ‘ఓపెన్ అండ్ నొటోరియస్ ఈవిల్ లివర్’ అనే ప్రయోగం ఉంది. దుర్మార్గంగా బతుకుతున్నాడని బాహాటంగా అందరికీ తెలిసినవాడు అని దాని అర్థం. అక్కడ దుర్మార్గాన్ని చెబుతున్నది ‘ఈవిల్’ మాత్రమే, ‘నొటోరియస్’ చెబుతున్నది బాహాటంగా తెలియడాన్ని. కానీ ఎప్పుడు చూసినా పాపుల పక్కన, దొంగల పక్కన నిలబడేసరికి వాళ్ల మరక దీనికీ అంటుకుంది. మన భాషాశాస్త్రంలో దీనిని అర్థాపకర్షం అంటారు. ‘కంపు’ ఒకనాడు పరిమళమే, ఈనాడు ముక్కు మూసుకుంటాం. ‘కైంకర్యం’ దేవుడికి చేసే సేవ, కానీ ఎవరైనా సంఘం నిధులు కైంకర్యం చేశారని వింటే చేతులెత్తి దండం పెట్టం. ‘ఛాందసుడు’ అంటే వేదం చదువుకున్నవాడు. ఇప్పుడు ఆ మాట అంటే వేదపండితుడే నొచ్చుకుంటాడు.

‘ఫేమస్’ నడిచిన దారి సరిగ్గా దీనికి ఎదురు. దాని మూలం లాటిన్ ‘ఫామా’. నలుగురూ అనుకునే మాట, వదంతి, పుకారు, కీర్తి అన్నీ ఫామాయే. రోమన్ కవి వర్జిల్ ఈ ఫామాను ఒంటి నిండా ఈకలతో, ఎన్ని ఈకలున్నాయో అన్ని కళ్లతో, అన్ని నాలుకలతో, అన్ని చెవులతో ఎగిరే రాక్షసిగా వర్ణించాడు. దాని నుంచి వచ్చిన ‘ఫామోసుస్’ అనే విశేషణం పేరున్నవాడికీ చెల్లేది, పేరు చెడ్డవాడికీ చెల్లేది. రోమన్ చట్టంలో ‘లిబెల్లుస్ ఫామోసుస్’ అంటే ఒకరి పరువు తీయడానికి రాసిన కరపత్రం. అంత అనుమానాస్పదమైన మాట ఫ్రెంచి మీదుగా 14వ శతాబ్దం చివరికి ఇంగ్లీషు చేరి, క్రమంగా మంచి వైపు ఒరిగింది. సంస్కృతంలో జూదశాల నడిపిన ‘సభికుడు’ తెలుగులోకి వచ్చి సభలో మర్యాదగా కూర్చోలేదూ? ఇదీ అంతే. దీనిని అర్థోత్కర్షం అంటారు. ఒకటి దిగుతూ, ఒకటి ఎక్కుతూ దారిలో ఎదురుపడిన రెండు మాటలలో, దిగుతున్నది మీ కార్డు మీదకు వచ్చింది.

ఈ మాటను ముద్దుగా వాడిన సందర్భమూ లేకపోలేదు. అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి రూత్ బేడర్ గిన్స్‌బర్గ్‌ను అభిమానులు ‘నొటోరియస్ ఆర్.బి.జి.’ అని పిలుచుకున్నారు. అది ఒక ర్యాప్ గాయకుడి పేరును అనుకరించిన పిలుపు. మాటలో చెడు ఉన్నది కాబట్టే, కళ్లజోడు పెట్టుకున్న పెద్దావిడకు అది తగిలించినప్పుడు నవ్వు వచ్చింది. అటువంటి చనువు ఆహ్వాన పత్రికకు పనికిరాదు. మరొక సంగతి కూడా చెప్పాలి. ఈ విశేషణం మనిషికి కాక ఊరికి అంటితే తరాలు గడిచినా వదలదు. నేరస్థ తెగల చట్టం కింద బ్రిటిష్ ప్రభుత్వం నెలకొల్పిన స్టువర్టుపురాన్ని, ఆ చట్టం 1952లో రద్దయిన తరువాత కూడా, పత్రికలు దొంగల ఊరిగానే రాస్తూ వచ్చాయి. అక్కడ పుట్టి బుద్ధిగా చదువుకున్న పిల్లలు కూడా ఆ పేరు మోయవలసి వచ్చింది. నేరం రుజువైన మనిషి గురించి తప్ప ‘నొటోరియస్’ రాయకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఇక మీ కార్డు సంగతి. అక్కడ ‘ఫేమస్’ వేసి ఉన్నా నేను ఒప్పుకునేవాడిని కాను. ఎన్నడూ చూడనివాళ్లకు, పక్క జిల్లాలవాళ్లకు కూడా పేరు తెలిసి ఉంటేనే ఆ మాట అతుకుతుంది. ఊరందరికీ కావలసిన డాక్టరుగారికి ‘వెల్-నోన్’ చాలు, ‘మచ్-రెస్పెక్టెడ్’ అయితే మరీ బాగుంటుంది. నామవాచకానికి ముందు వాడినప్పుడు ఆ రెండు ముక్కల మధ్య అడ్డగీత పెట్టండి. వాక్యం చివర ‘హీ ఈజ్ వెల్ నోన్’ అన్నప్పుడు అక్కరలేదు.

ప్రశ్న: ‘ఇన్’ చేరితే వ్యతిరేకార్థం వస్తుందని మాకు నేర్పారు. ‘కరెక్ట్’కు ‘ఇన్‌కరెక్ట్’, ‘విజిబుల్’కు ‘ఇన్‌విజిబుల్’. అదే పద్ధతిలో ‘ఇన్‌ఫేమస్’ అంటే ‘పేరు లేని’ అని రాస్తే పరీక్షలో మార్కు ఇవ్వలేదు. ఎందుకు?
– డిగ్రీ విద్యార్థిని, నల్లగొండ

జవాబు: మీకు నేర్పింది నిజమే. కాకపోతే కీర్తికి వ్యతిరేకాలు రెండున్నాయి: అసలు పేరే లేకపోవడం ఒకటి, ఉన్న పేరు చెడిపోవడం మరొకటి. మీరు మొదటిది రాశారు, మాట రెండోదానికి చెందింది. మన ‘అపకీర్తి’ని తలచుకుంటే ఇక మరచిపోరు. అపకీర్తి అంటే కీర్తి లేకపోవడం అని ఎవరూ అనుకోరు కదా. ఎవరికీ తెలియని మనిషిని చెప్పడానికి ‘అన్‌నోన్’ ఉంది, ‘అబ్‌స్క్యూర్’ ఉంది.

పురాతన రోమ్‌లో ‘ఇన్ఫామియా’ అన్నది వట్టి చెడ్డపేరు కాదు, చట్టపరమైన స్థితి. నటులు, గ్లాడియేటర్లు వంటివారు దాని కిందికి వచ్చి, మామూలు పౌరుడికి ఉండే కొన్ని హక్కులు కోల్పోయేవారు. ఆ బరువు ‘ఇన్‌ఫేమీ’ అనే నామవాచకంలో ఇప్పటికీ ఉంది. పెర్ల్ హార్బర్ మీద జపాను దాడి జరిగిన మర్నాడు, 1941 డిసెంబరు 8న, అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ చేసిన ప్రసంగం చిత్తుప్రతిలో ఆ తేదీ ప్రపంచ చరిత్రలో నిలిచిపోతుందని ఉండేది. ఆయన ‘వరల్డ్ హిస్టరీ’ కొట్టివేసి ‘ఇన్‌ఫేమీ’ అని రాసుకున్నారు. ఆ ఒక్క దిద్దుబాటుతో వాక్యం సమాచారం స్థాయి నుంచి నేరారోపణ స్థాయికి వెళ్లింది.

‘నొటోరియస్’కూ దీనికీ తేడా సన్ననిది. చేసిన పని ఘోరమైనదని చెప్పదలిస్తే ‘ఇన్‌ఫేమస్’, చెడు విషయంలో అందరి నోళ్లలో నానుతున్నదని చెప్పదలిస్తే ‘నొటోరియస్’. 1919 ఏప్రిల్ 13 నాటి జలియన్‌వాలా బాగ్ మారణకాండకు మొదటిది తగుతుంది. సాయంత్రం ఆరు గంటలకు కదలని కూడలికి రెండోది చాలు. ఉచ్చారణ కూడా గమనించండి. మన క్లాసుల్లో ‘ఇన్-ఫేమస్’ అని ‘ఫే’ను సాగదీస్తుంటారు కానీ, ఊనిక మొదటి అక్షరం మీద పడి, ‘ఫే’ కుంచించుకుపోయి ‘ఇన్‌ఫమస్’ అన్నట్లు వినిపించాలి.

ప్రశ్న: మా మిఠాయి దుకాణం బోర్డు మీద ‘ఫేమస్ టు కాజా’ అని రాయించాను. ఇంజనీరింగ్ చదివిన మా అల్లుడుగారు ‘ఫర్’ ఉండాలంటున్నారు. బోర్డు రాసిన పెయింటరు ‘ఇన్’ అని పట్టుబడుతున్నాడు. మళ్లీ రంగు వేయించే ముందు మీ మాట వినాలనుకున్నాను.
– ఒక వ్యాపారి, కాకినాడ

జవాబు: అల్లుడుగారే గెలిచారు. ‘కాకినాడ కాజాకు ఫేమస్’ అనే వాక్యంలోని ‘కు’ మిమ్మల్ని ‘టు’ దాకా లాక్కుపోయింది. ‘కు’ కనిపించిన ప్రతిచోటా ‘టు’ పెట్టడం తెలుగువాళ్ల ఇంగ్లీషులో పాత జబ్బే. పేరు రావడానికి కారణం ఏదో దాని ముందు ‘ఫర్’ రావాలి. అయితే పెయింటరు మాట కూడా పూర్తిగా కొట్టిపారేయవలసింది కాదు, అతను చెప్పిన ‘ఇన్’కు వేరే చోటు ఉంది. మీ గోదావరి మనిషితోనే చూపిస్తాను.

సర్ ఆర్థర్ కాటన్ 1852 నాటికి పూర్తి చేసిన ధవళేశ్వరం ఆనకట్ట వల్ల పేరు పొందాడు కాబట్టి ‘ఫేమస్ ఫర్ ద ఆనికట్’. నీటిపారుదల ఇంజనీరుగా పేరు పొందాడు కాబట్టి ‘ఫేమస్ యాజ్ యాన్ ఇరిగేషన్ ఇంజనీర్’. హోదాకు, వృత్తికి ‘యాజ్’ వస్తుంది. డెల్టాలో పేరు పొందాడు కాబట్టి ‘ఫేమస్ ఇన్ ద గోదావరి డెల్టా’, స్థలానికి ‘ఇన్’. అక్కడి రైతులలో పేరు పొందాడు కాబట్టి ‘ఫేమస్ ఎమంగ్ ద ఫార్మర్స్’, గుంపుకు ‘ఎమంగ్’. కోనసీమ పల్లెల్లో ఆయన విగ్రహాలకు దండలు వేస్తారు, ఆయన పుట్టిన దేశంలో వీధిలో ఎవరినైనా అడిగితే ఆ పేరు చెప్పగలిగేవారు అరుదు. అందుకే ఒక మనిషిని ‘ఫేమస్’ అని ఊరుకోకుండా, దేనివల్ల, ఎక్కడ, ఎవరిలో అన్నవాటిలో ఒకటైనా చెప్పకపోతే వాక్యం సగంలో ఆగినట్లు ఉంటుంది.

దానితోపాటు అడగని సలహా ఒకటి. ‘ఫేమస్’ అని ఎవరి బోర్డు మీద వారే రాసుకోవడం వ్యాపారంలో చెల్లుతుంది కానీ, వ్యాసంలో, వార్తలో చెల్లదు. నిజంగా అందరికీ తెలిసినవాడైతే ఆ సంగతి చెప్పనక్కరలేదు, చెప్పవలసి వస్తే అంతగా తెలియనివాడే అని ఇంగ్లీషు పత్రికల సంపాదకులు ఈ విశేషణాన్ని కొట్టివేస్తుంటారు. జగమెరిగిన బ్రాహ్మణుడికి జంధ్యమేల అని మనవాళ్లు ఆ సూత్రాన్ని ఎప్పుడో చెప్పి పెట్టారు. మీరు మాత్రం నిశ్చింతగా ‘ఫేమస్ ఫర్ కాజా’ అని రాయించుకోండి.

ప్రశ్న: నేను ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదాలు చేస్తుంటాను. ‘ఫేమస్’ వచ్చినప్పుడల్లా ‘ప్రసిద్ధ’ అని రాయడం అలవాటైంది. ‘ప్రఖ్యాత’, ‘ప్రముఖ’, ‘పేరొందిన’ అని ఇన్ని మాటలుండగా వీటిలో ఏది ఎక్కడ వాడాలి?
– ఒక అనువాదకురాలు, వరంగల్లు

జవాబు: ముందుగా ‘ప్రముఖ’ను ఈ జాబితా నుంచి తీసేయండి. దాని అర్థం ముందు వరసలో ఉన్నవాడు అని. ఇంగ్లీషులో ‘లీడింగ్’, ‘ప్రామినెంట్’ అన్నవి దానికి దగ్గర. తన శాస్త్రంలో ముందు వరసలో ఉండి, బయట ఎవరికీ తెలియని ప్రముఖులు ఎందరో ఉన్నారు. మన పత్రికలు ప్రతి పేరుకూ ముందు ‘ప్రముఖ’ తగిలించి ఆ తేడాను చెరిపేశాయి.

మిగిలినవాటిలో ‘ప్రఖ్యాత’, ‘విఖ్యాత’ అన్నవి పుట్టుక రీత్యా ‘ఫేమస్’కు అచ్చమైన తోబుట్టువులు. ‘ఫామా’ లాటిన్‌లో పలకడం అనే అర్థమున్న ధాతువు నుంచి పుట్టింది. ‘ఖ్యాతి’ సంస్కృతంలో చెప్పడం అనే అర్థమున్న ‘ఖ్యా’ ధాతువు నుంచి పుట్టింది. నలుగురూ చెప్పుకోవడమే పేరు అని రెండు జాతులూ అనుకున్నాయి. వినడం వైపు నుంచి చూసినవారూ ఉన్నారు. ఋగ్వేదంలో కీర్తికి ‘శ్రవస్సు’ అనే మాట ఉంది, వినడానికి సంబంధించిన ‘శ్రు’ ధాతువు నుంచి వచ్చింది. గ్రీకులో కీర్తికి ‘క్లెయోస్’ అంటారు, దానిదీ అదే మూలం. తరగని కీర్తి అని వేదకవి ‘శ్రవస్సు’కు చేర్చిన ‘అక్షిత’మనే విశేషణం, హోమర్ ‘క్లెయోస్’కు చేర్చిన విశేషణంతో సరిపోవడాన్ని 1853లో జర్మన్ పండితుడు అడాల్బర్ట్ కూన్ గుర్తించాడు. గట్టిగా వినిపించేదాన్ని చెప్పే ఇంగ్లీషు ‘లౌడ్’ కూడా ఆ వంశానిదే. ‘పేరుమోసిన’ అన్న మన మాటలోనూ నా చెవికి ఆ మోత వినిపిస్తూనే ఉంటుంది. ‘రినౌన్’ మాత్రం చెప్పడాన్నీ వినడాన్నీ వదిలి పేరునే పట్టుకుంది. పదే పదే పేరెత్తడం దాని మూలార్థం కాబట్టి ‘రినౌన్డ్’కు ‘పేరెన్నికగన్న’ను మించిన అనువాదం నాకు తోచదు.

వాడుకలో నేను పాటించే పద్ధతి ఇది. గుడులు, క్షేత్రాలు, గ్రంథాలు అయితే ‘ప్రసిద్ధ’. మనుషులు, ముఖ్యంగా కళాకారులు, శాస్త్రజ్ఞులు అయితే ‘ప్రఖ్యాత’. చీరలు, మిఠాయిలు, మామిడిపళ్లు అయితే ‘పేరొందిన’. సంభాషణలో మాత్రం ‘ఫేమస్’ను తెలుగు మాటగానే వదిలేయడం మేలు. ‘ఆ సందులో బండి మీద ఇడ్లీ ఫేమస్’ అనే మనిషి చేత ‘ఇడ్లీ సుప్రసిద్ధం’ అనిపిస్తే పాత్ర చచ్చిపోతుంది. పైగా మన ‘ఫేమస్’లో ఇంగ్లీషులో లేనిది ఒకటి ఉంది. ఇడ్లీ ఫేమస్ అంటే రుచిగా ఉంటుందని కూడా చెప్పినట్లే. ఇంగ్లీషు మాట అందరికీ తెలుసు అని మాత్రమే చెబుతుంది, రుచికి పూచీ పడదు.

ప్రశ్న: ఉద్యోగానికి పంపిన దరఖాస్తులో ‘రెప్యూటెడ్ కాలేజ్’లో చదివానని రాశాను. ఇక్కడి అధికారి నవ్వి, ‘ఎవరు అనుకుంటున్నారు?’ అని అడిగాడు. నాకు అర్థం కాలేదు.
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డాలస్

జవాబు: ‘పేరున్న కాలేజీ’ అనే అర్థంలో ‘రెప్యూటెడ్’ భారతదేశంలో స్థిరపడిన ఇంగ్లీషు. మన ప్రకటనల నిండా అదే కనిపిస్తుంది. అమెరికాలో, ఇంగ్లండులో ఆ మాటకు ‘అని అనుకుంటున్నారు, నిజమో కాదో తెలియదు’ అనే ధ్వని ఉంది. ‘రెప్యూటెడ్ ఫాదర్’ అంటే తండ్రి అని లోకం అనుకునేవాడు, పేరున్న తండ్రి కాడు. మీ వాక్యం ఆయనకు ‘కాలేజీ అని చెప్పుకునేచోట చదివాను’ అన్నట్లు వినిపించింది. ‘రెప్యూటబుల్’ అని దిద్దుకోండి, లేదా కాలేజీ పేరు రాసి ఊరుకోండి.

‘పాపులర్’తో కూడా జాగ్రత్త. ‘ఫేమస్’ తెలిసినవాడు, ‘పాపులర్’ నచ్చినవాడు. ఎన్నికల్లో ఓడిపోయిన నాయకుడు ‘ఫేమస్’గానే ఉంటాడు, పోయింది రెండోదే.

ప్రశ్న: జర్నలిజం చదువుతున్నాను. ‘వన్ ఆఫ్ ద మోస్ట్ ఫేమస్ టెంపుల్’ అని రాస్తే మా అధ్యాపకుడు చివర ‘ఎస్’ చేర్చారు. సినిమా పేజీలో ‘ఫలానా సినిమా ఫేమ్ ఫలానా నటి’ అని రాయడం సరైనదేనా? ‘ఫేమస్లీ’ అంటే ఏమిటి?
– ఒక విద్యార్థి, తిరుపతి

జవాబు: ‘ఎస్’ ఉండవలసిందే. తెలుగులో ‘ప్రసిద్ధ దేవాలయాలలో ఒకటి’ అని బహువచనమే వాడతాం కదా. ఈ ఒక్కచోట తెలుగును ఉన్నదున్నట్లు అనువదించి ఉంటే తప్పు జరిగేది కాదు.

‘ఫేమ్’ విషయంలో ఇంగ్లీషు వరస వేరు. ముందు మనిషి పేరు, తరువాత ‘ఆఫ్’, సినిమా పేరు, చివర ‘ఫేమ్’. మన సినిమా విలేకరులు దాన్ని తెలుగు వాక్యానికి అనువుగా తిప్పుకున్నారు, అందులో నాకు అభ్యంతరం లేదు. అయితే ఒక్క సినిమా వల్లే ఈ మనిషిని గుర్తుపడతారు అని ఆ ప్రయోగం చెప్పకనే చెబుతుంది. కొత్త నటికి అది పరిచయం. ముప్పై ఏళ్లుగా నటిస్తున్నావిడకు అదే తగిలిస్తే మిగిలిన సినిమాలన్నీ లెక్కలోకి రానట్లే.

‘ఫేమస్లీ’కి రెండు అర్థాలున్నాయి. ‘హీ ఫేమస్లీ రిఫ్యూజ్డ్’ అంటే ఆయన కాదన్న సంగతి అందరికీ తెలిసిందే అని. ‘దే గాట్ ఆన్ ఫేమస్లీ’ అంటే పేరుతో పనే లేదు. అత్తాకోడళ్లిద్దరూ బ్రహ్మాండంగా కలిసిపోయారని చెప్పడానికి అది పాతకాలపు బ్రిటిష్ పలుకు.